సున్నాని సున్నా అనండి

పోయిన నెల మా ఊళ్లోనే ఒక కాలేజీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. కొత్తగా చేరిన పిల్లలకు కంప్యూటర్ వాడకం మీద మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఆఖరి రోజున పెద్దావిడగా నేను వెళ్లి నాలుగు మంచి మాటలు చెప్పాలి. రిటైరైన లెక్కల లెక్చరర్‌కి మిగిలే ఉద్యోగం ఇదేగా, శాలువా కప్పించుకోవడం, మంచి మాటలు చెప్పడం. నేను ఎక్కడికైనా గంట ముందే పోయే మనిషిని కాబట్టి హాలు బయట కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అక్కడొక బల్ల, బల్ల ముందు పాస్‌వర్డ్ పనిచేయని పిల్లల వరస. ఒకమ్మాయి చీటీ పట్టుకుని ఏడుపు మొహంతో నిలబడి ఉంది. నాలుగుసార్లు కొట్టిందట, తెరుచుకోలేదట, ఐదోసారి కూడా తప్పయితే మర్నాటిదాకా ఆగాలట. ఆ చీటీ ఇలా ఇమ్మని చూసి, అది ఓ కాదమ్మా, సున్నా అయి ఉంటుంది, కొట్టి చూడు అన్నాను. తెరుచుకుంది. ఆ పిల్ల నన్ను మంత్రగత్తెను చూసినట్టు చూసి, మీకెలా తెలిసింది మేడమ్ అంది. ఒకప్పుడు దెబ్బ తిన్నానులే అన్నాను. తర్వాత మైకు ముందు ఏం చెప్పానో నాకే సరిగ్గా గుర్తులేదు. మనసు అప్పటికే భవానీపురంలో మా అద్దె ఇంటి అరుగు మీదికి పోయి కూర్చుంది.

ఆ ఇల్లు కృష్ణకు దగ్గర. వేసవిలో నది అడుగంటినప్పుడు తడి ఇసుక వాసన, వరద రోజుల్లో బురద నీళ్ల వాసన ఇంట్లోకి వచ్చేవి. అవి కాక మా ఇంటికి సొంత వాసనలు కొన్ని ఉండేవి. తెల్లవారుజామున అమ్మ వెలిగించే కిరసనాయిలు స్టవ్వు వాసన, నాన్న ఖాకీ సంచీలో సిరా వాసన, నాయనమ్మ కొంగున నశ్యం వాసన. నాయనమ్మ నశ్యం సంగతి చర్చిలో అయ్యగారికి తెలియదని ఆవిడ నమ్మకం. అయ్యగారు ప్రార్థనకు మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆవిడ తుమ్ములు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తడం, ఆయన నవ్వు దాచుకుంటూ పాట ఎత్తుకోవడం నాకు బాగా గుర్తు. పొద్దున్నే కుటుంబ ప్రార్థన అయ్యాకే మాకు చద్దన్నం, పెరుగు, ఆవకాయ. ప్రార్థనలో బైబిలు వాక్యం చదివే హక్కు నాయనమ్మది. నాన్న గొంతు బాగుండేది, అమ్మ గబగబా చదవగలిగేది, అయినా ఆ హక్కు ఆవిడ ఎవరికీ వదల్లేదు. కుడిచేతి చూపుడువేలు అక్షరం కింద పెట్టి, ఆ అక్షరం అయ్యాకే వేలు జరిపేది. ఒక్క పేజీకి అరగంట. కాలేజీకి టైమవుతోందని నేను లోలోపల గింజుకునేదాన్ని.

అంత నిదానానికి కారణం ఉంది. నాయనమ్మది చల్లపల్లి దగ్గరొక పల్లె. పెళ్లయ్యాక కూడా నాట్లకీ కోతలకీ కూలికి పోయిన మనిషి. ముగ్గురు పిల్లలు పుట్టాక, చర్చి తరఫున ఊళ్లోకొచ్చే టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకుంది. మధ్యాహ్నం అన్నాల వేళ పొలం గట్టు మీద పుల్లతో గీసి నేర్చుకుందట. మొదటిసారి నలుగురి ముందు నిలబడి చదివిన రోజున, పందుల మంద అని ఉన్నచోట పదుల మంద అని చదివేసిందట. చర్చి అంతా గొల్లుమంది. పది అంటే అంకె, పంది అంటే జంతువు, రెంటికీ మధ్య ఉన్నది ఒక్క సున్నా. ఆ రోజు పెట్టిన వేలిని ఆవిడ చచ్చేదాకా అక్షరం కింద నుంచి తీయలేదు. ఈ కథ నేను వందసార్లు విని, వందసార్లూ నవ్వి ఊరుకున్నాను. అందులో నాక్కావలసింది ఉందని తెలుసుకోవడానికి డిగ్రీ రెండో ఏడు దాకా పట్టింది.

ఆ ఏడే మా కాలేజీలో కంప్యూటర్ క్లాసు మొదలైంది. కాలేజీలో కంప్యూటర్ ఉందనుకునేరు. కాలేజీలోనే కాదు, మాకు తెలిసినంతలో బెజవాడ మొత్తంలో అలాంటి వస్తువు లేదు. మా లెక్కల లెక్చరర్ శేషగిరి మాస్టారు ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదు వెళ్లి రెండు వారాల శిక్షణ తీసుకొచ్చారు. ఒక నోటుబుక్కు, చిల్లులు పడిన అట్టకార్డులు ఓ గుప్పెడు ఆయన వెంట వచ్చాయి. అప్పట్లో కంప్యూటర్‌కి ఏం చెప్పాలన్నా అలా కార్డులకు చిల్లులు కొట్టే చెప్పాలి. తెల్ల పంచె, నల్ల గొడుగు, మోచేతి దాకా సుద్దపొడి, అదీ ఆయన రూపం. ఆ కార్డులు మాకు చూపించేటప్పుడు ఆయన మొహం తిరుపతి లడ్డూ పంచుతున్న మనిషి మొహంలా ఉండేది. సాయంత్రం కాలేజీ వదిలాక ఒక గంట, తొమ్మిది మందిమి, అందులో ఆడపిల్లలం ఇద్దరం. నేనూ వరలక్ష్మీ. వరలక్ష్మి వాళ్లది వన్ టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. ఆ పిల్ల పక్కన కూర్చుంటే కందిపప్పు బస్తాల వాసన వచ్చేది. గొంతు మాత్రం గోడౌన్ చివరిదాకా వినపడే గొంతు.

పాఠమంతా నల్లబల్ల మీదే. మాస్టారు బల్ల మీద అడ్డంగా గళ్లు గీసేవారు. ఒక వరసకు ఎనభై గళ్లు, ఒక్కో గడిలో ఒకే అక్షరం. మొదటి ఐదు గళ్లూ వరస నంబరుకి, అసలు మాట ఏడో గడి నుంచే మొదలవ్వాలి. ఆరో గడిలో పొరపాటున చుక్క పడినా మిషను ఇంకోలా అర్థం చేసుకుంటుందని ఆయన అంటే, అంత పట్టింపు మనిషిని మా మేనత్త తర్వాత ఇప్పుడే వింటున్నానని వరలక్ష్మి అంది. కంటికి కనపడని ఆ మిషనుకు ఏం కావాలో, ఏది అంటే కోపమొస్తుందో వారం వారం నేర్చుకున్నాం. నాకు అది పిచ్చిలా పట్టుకుంది. ఎందుకని అడిగితే ఇప్పుడూ సరిగా చెప్పలేను. అప్పటిదాకా చదివిన చదువంతా ఎవరో తేల్చేసిన లెక్కను మళ్లీ తేల్చడమే. ఇక్కడ మాత్రం నేను చెప్పినట్టు ఒకటి చేస్తుంది. కూలికి పోయిన నాయనమ్మ మనవరాలికి ఆ మాట ఎలా వినపడిందో మీరే ఊహించుకోండి.

మా నాన్న కాలవల ఆఫీసులో గుమాస్తా. కాలవల్లో నీళ్లు ఆపి వదిలే లాకుల దగ్గర నీటి మట్టం రోజూ ఎన్ని అడుగులు ఉందో వచ్చిన చీటీలు చూసి రిజిస్టర్లో ఎక్కించడం ఆయన పని. డిగ్రీ కాగానే నన్ను టీచర్ ట్రైనింగులో చేర్చాలని ఆయన అనుకున్నారు. చెడ్డ ఆలోచనేం కాదు, చర్చి వాళ్ల మిషన్ స్కూల్లో ఉద్యోగం దాదాపు ఖాయం. కానీ రెండేళ్లు ఈ కంప్యూటర్ క్లాసు పూర్తిచేసినట్టు కాలేజీ సర్టిఫికెట్ ఇస్తే, హైదరాబాదులో తాను శిక్షణ తీసుకున్న కంప్యూటర్ సెంటర్లోనే ట్రైనింగుకి తీసుకుంటారని శేషగిరి మాస్టారు కనుక్కొచ్చారు. ఆ మాట నా చెవిన పడ్డాక ఇంకో మాట ఎక్కలేదు. సర్టిఫికెట్ రావాలంటే క్లాసు రెండో ఏడు కూడా ఉండాలి. ఉండాలంటే ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోవాలి. ఆయనకు ఈ వ్యవహారం మొదటినుంచీ మింగుడుపడలేదు. మిషను లేకుండా మిషను పాఠం ఏమిటి, నీళ్లు లేని చోట ఈత నేర్పినట్టు అనేవారు. ఆఖరికి ఒక షరతు పెట్టారు. వేసవి సెలవులకు ముందు ఆఖరి పనిదినంలోపు, పిల్లలు రాసిన ఒక్క ప్రోగ్రామైనా హైదరాబాదు మిషను మీద నడిచి సరైన జవాబుతో తిరిగి రావాలి. లేకపోతే క్లాసు మూత.

తొమ్మిది మందిమీ కలిసి ఒకటే ప్రోగ్రాము రాశాం. ఒక లాకు దగ్గర ముప్పై రోజుల నీటి మట్టాలు ఇస్తే సగటు ఎంతో, అన్నిటికన్నా ఎక్కువ ఏ రోజో చెప్పాలి. అంకెలు మా నాన్న ఇచ్చారు. ఇప్పటి ఆరో తరగతి పిల్లలు చెవి గోక్కునేలోపు చేసే పని అది. మాకు మూడు వారాలు పట్టింది. గళ్ల కాగితాల మీద నీట్‌గా రాసి పోస్టులో పంపితే, అక్కడ పంచింగ్ చేసే ఆపరేటర్లు చూసి కార్డుల మీద కొడతారు, మిషనులో వేస్తారు, ఫలితం అచ్చేసి పోస్టులో తిప్పి పంపుతారు. నా చేతిరాత గుండ్రంగా బాగుంటుందని రాసే పని నాకు, గొంతు బాగుంటుందని చదివే పని వరలక్ష్మికి పడింది. ఆ పిల్ల ఒక్కో అక్షరమూ చదివేది, నేను ఒక్కో గడిలో దించేదాన్ని.

పద్దెనిమిది రోజులు ఎదురుచూశాం. పోస్ట్‌మన్‌కి మా క్లాసంతా చుట్టాలైపోయాం. వచ్చిన కవరులో అంచులకు చిల్లులున్న వెడల్పాటి కాగితం, దాని మీద వెలిసిపోయిన రిబ్బన్ అక్షరాల్లో మేం రాసిన ప్రోగ్రాము, కింద తప్పుల నంబర్ల చాంతాడు. జవాబు లేదు. మాస్టారు నోటుబుక్కు తిరగేసి ఆ నంబర్లకు అర్థాలు చెప్పారు. అంకెలున్న వరసలన్నీ తప్పంటోంది మిషను. కూడే పద్ధతిలోనే లోపం ఉందనుకున్నాం. మొత్తం విప్పదీసి మళ్లీ అల్లి రెండోసారి పంపాం. రెండోసారి ఇంకా విడ్డూరం. పోయినసారి తప్పన్న వరసలు ఈసారి నోరెత్తలేదు, పోయినసారి బాగున్న వరసలు తప్పంటున్నాయి. ఒక అబ్బాయి అక్కడికక్కడే మానేశాడు. ఆ మర్నాడు ఇంకో ఇద్దరు రాలేదు. మాస్టారు ఆ సాయంత్రం బల్ల శుభ్రంగా తుడిచేశారు. నాకే చేతకాలేదేమోనమ్మా, మీ ఏడాది పాడు చేశాను అన్నారు. ఆయన్ని అలా చూడటం నాకు నచ్చలేదు. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియకుండా. సెలవులకు ఐదు వారాలుంది, ఇంకొక్కసారి పంపడానికి మాత్రమే టైముంది.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక ఆ కాగితాలు అరుగు మీద పరుచుకుని కూర్చున్నాను. నాయనమ్మ పక్కనే గోంగూర ఒలుస్తోంది. మొహం అట్టా పెట్టావేంటని అడిగింది. చెప్పినా నీకర్థం కాదులే అన్నాను, ఆ వయసులో అందరం అనే మాటే. అర్థంకాకపోతే పోయింది, చదివి వినిపించు, నేను చదివినప్పుడు మీరందరూ వింటంలా అంది. సరే, వదిలిపోతుందని టోటల్ అన్న వరస ఒక్కో అక్షరమూ చదివాను. టి, ఓ, టి, ఏ, ఎల్, ఈక్వల్స్, ఓ, పాయింట్, ఓ.

నాయనమ్మ ఆకు ఒలవడం ఆపింది. "ఆ మూడు ఓలూ ఒకటేనా?"

"కాదు నాయనమ్మా. మొదటిది అక్షరం, తర్వాతవి రెండూ సున్నాలు."

"సున్నాని సున్నా అనక ఓ అంటావేంటే?"

అందరూ అలాగే అంటారన్నాను. నిజంగానే అందరూ అనేవారు. వరలక్ష్మి వాళ్ల గోడౌన్‌లో ఫోను ఉండేది. టూ ఓ ఫోర్ అంటూ ఆ నంబరు చిన్నప్పటినుంచీ అరిచి అరిచి దాని నాలుకకు సున్నా అన్న మాటే లేదు. కాలేజీలో రోల్ నంబర్లూ అంతే. నాయనమ్మ కాగితం తన వైపు లాక్కుంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి, వేలు పెట్టి గుండ్రటివాటిని ఒక్కోటీ తడుముతూ పోయింది.

"నేనడిగాను కాబట్టి ఏది ఏదో చెప్పావు. ఆ ఊళ్లో కూసుని ఇది కొట్టే పిల్ల ఎవర్నడుగుద్దే సుగుణా?" అంది. "ఒక్క సున్నా మింగినందుకు నన్ను చూసి ఊరంతా నవ్వింది. నువ్వు ఇన్ని సున్నాలు కలిపేసి, లెక్క రాలేదని ఏడుస్తన్నావు."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా మాస్టారి ఇంటికి పరిగెత్తాను. ఆయన భోజనం ముందు నుంచి లేచి భూతద్దం తెచ్చారు. ఆ వెలిసిన అచ్చులో అక్షరం ఓ కాస్త బొద్దుగా, సున్నా కాస్త సన్నగా ఉంటుంది. మొదటి కాగితం నిండా బొద్దువే. రెండో కాగితం నిండా సన్నవే. మొదటిసారి కొట్టిన చెయ్యి నా గుండ్రాలన్నీ అక్షరాలనుకుంది, రెండోసారి చెయ్యి అన్నీ సున్నాలనుకుంది. వాళ్ల తప్పేం లేదు, ముత్యాల్లాంటి నా చేతిరాతదే తప్పు. మా లెక్క మొదటినుంచీ సరిగ్గానే ఉంది. మాస్టారు నోటుబుక్కు మూసి, సున్నాకి అడ్డగీత పెట్టమని అక్కడ మొదటిరోజే చెప్పారమ్మా, చిన్న విషయమని నేనే రాసుకోలేదు అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకు. నాకూ తిరిగాయి.

మర్నాడు ఆయన బల్ల మీద పైన ఒక వాక్యం రాశారు, సున్నాని సున్నా అనండి అని. ఇంగ్లీషులో సాగే ఆ పాఠంలో మేం తప్పనిసరిగా పలకాల్సిన ఒకే ఒక్క తెలుగు మాట అది. నోరు జారి ఓ అన్నవాళ్లు ఒక గుంజీ తీయాలి. వరలక్ష్మి పదకొండు తీసింది, మాస్టారు కూడా ఒకటి తీశారు. ప్రతి సున్నాకీ అడ్డగీత పెట్టి, కాగితం నెత్తిన ఎర్రసిరాతో ఆ సంగతి రాసి, రాసిందంతా అక్షరం కింద వేలు పెట్టి గడి గడీ రెండుసార్లు సరిచూసి పంపాం. నిదానంగా చదవడం మొద్దుతనం కాదని నాకు ఆ వారమే తెలిసింది. అంతకుముందు నాయనమ్మ చదువుతుంటే నేను విసుక్కున్న పొద్దులన్నిటికీ సిగ్గుపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను.

ఆఖరి పనిదినం వచ్చింది, పద్దెనిమిది రోజులు ఎప్పుడో దాటినా ఈసారి ఎక్కడ చిక్కుకుందో కవరు రాలేదు. ప్రిన్సిపాల్ గారు సాయంత్రం ఐదింటిదాకా ఆగారు, అందుకు ఆయన్ని తప్పుపట్టలేను. తర్వాత తొమ్మిది రోజులకు కవరు నేరుగా మాస్టారి ఇంటికొచ్చింది. ఒక్క తప్పూ లేదు. సగటు, దాని కింద ఎక్కువ మట్టం ఉన్న రోజు నంబరు, రెండే వరసలు. ఆ కాగితం ఇంటికి తెచ్చి నాన్నకు చూపించాను. ఆయన పెన్సిల్ తీసుకుని ముప్పై రోజుల మట్టాలూ చేత్తో కూడి, భాగించి, నాలుగో స్థానం దాకా సరిచూసుకున్నారు. కుదిరింది. కాగితం మడిచి ఖాకీ సంచీలో పెట్టుకుని, ఇది మా ఆఫీసులో చూపించి తెస్తానన్నారు. మళ్లీ తేలేదు. టీచర్ ట్రైనింగు మాట ఆ తర్వాత ఆయన నోట నేను వినలేదు.

అయినా క్లాసు పోయింది. కాగితం సంగతి చెప్పడానికి వెళ్తే ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే కూర్చోబెట్టారు, బాగుందమ్మా అన్నారు, గడువు గడువే అన్నారు. వచ్చే ఏడు ఆ గంటా ఆ గదీ వేరే పాఠానికి ఇచ్చేశారట. సర్టిఫికెట్ లేదు, హైదరాబాదు ట్రైనింగూ లేదు. ఇప్పుడైతే ఆ అమ్మాయిలా బల్ల ముందు వరసలో నిలబడితే ఎవరో ఒకరు చూసి పెడతారు, తెరుచుకునేదాకా పంపించరు. అప్పుడు మాకు ఒక తప్పు తెలియాలంటే పద్దెనిమిది రోజులు, దిద్దుకోవాలంటే ఇంకో పద్దెనిమిది. ఇప్పటి పిల్లలది సుఖమని అననుగానీ, వాళ్లకు చప్పున మళ్లీ ప్రయత్నించే వీలుంది, ఆ వీలు చూస్తే నాకు అసూయే. ఆ వేసవి ఒక వారం ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాను. ఎనిమిదో రోజు లేచి అయ్యగారి దగ్గరికి పోయాను.

మా చర్చి వెనక ఆదివారం బడి గది ఒకటి ఉండేది, మిగతా ఆరు రోజులూ ఖాళీ. నల్లబల్ల ఉంది, పిల్లలు కూర్చునే పొట్టి బెంచీలున్నాయి. సాయంత్రం ఒక గంట ఇమ్మన్నాను. ఏం నేర్పుతావని అడిగి, విని, అది మన చర్చిలో ఎవరికైనా పనికొస్తుందా అన్నారు. ఎవరికి పనికొస్తుందో నాకూ తెలియదండీ, ఎవరైనా రావచ్చని మాత్రం రాస్తాను అన్నాను. తాళంచెవి ఇచ్చారు. శేషగిరి మాస్టారు తన నోటుబుక్కు నా చేతిలో పెట్టి, కాలేజీ పేరు వాడొద్దు, నా పేరు ఎంతైనా వాడుకో అన్నారు. వరలక్ష్మి వాళ్ల గోడౌన్ అట్టముక్కల మీద నేనే ప్రకటనలు రాశాను. కంప్యూటర్ పాఠాలు చెప్పబడును, కంప్యూటర్ ఉండదు. అబద్ధం రాయడం నాకు చేతకాదు. ఊళ్లో ఉన్న కాలేజీలన్నిటి దగ్గరా అవి కట్టొచ్చాం. చూసినవాళ్లు నవ్వారు. అసలెవరొస్తారే అని అమ్మ దిగులుపడింది.

మొదటిరోజు పదకొండు మంది వచ్చారు. కొందరు నవ్వడానికే వచ్చారని తెలుస్తూనే ఉంది. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఆ పొట్టి బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. నేను వాళ్లకన్నా ఒకటి రెండేళ్లు పెద్దదాన్ని, అంతే. బల్ల వైపు తిరిగి గళ్లు గీయడం మొదలుపెట్టాను. ఎనభై గళ్లు గీయడానికి చాలాసేపు పడుతుంది. సగంలో ఉండగా వెనకనుంచి ఒకమ్మాయి లేచి నిలబడింది. వెక్కిరింపేం లేదు ఆ గొంతులో, తెలుసుకోవాలనే అడిగింది.

"అక్కా, మీరు కంప్యూటర్ చూశారా?"

"చూడలేదు" అన్నాను. "అది మన ఊరొచ్చేలోపు నేర్చేసుకుందాం."

ఆ పిల్ల కూర్చుని నోటుబుక్కు తెరిచింది.